యూపీఎస్ మీద ఎర్ర స్టిక్కర్

మీరు సింహాచలాన్ని దొంగ అన్నారు.

గేట్ బజార్ వ్యాపారుల గ్రూపులో ఉన్న మీరే. అనని వాళ్లు లైక్ కొట్టారు.

ఆ మాట మీ నోటికి అందించింది నేను.

నిన్న పొద్దున ప్రెస్ షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. చిలికా ఒడ్డున రంభ ఊళ్లో ఒక చేపల వ్యాపారి దగ్గర ప్రింటర్ బాగుచేస్తూ సింహాచలం కుర్చీలోనే వాలిపోయాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

షట్టర్ సగంలో వదిలేసి నిలబడిపోయాను.

ముందు వచ్చింది ఏడుపు కాదు. ‘ఇక ఎవరికీ తెలీదు’ అన్న ఆలోచన.

అందుకే ఇది రాస్తున్నాను.

సింహాచలం రామయ్యపట్నం మనిషి. బరంపురంలో మనలాంటి చిన్న దుకాణాలకు సర్వర్లు పెట్టేవాడు. మందుల హోల్‌సేల్ షాపు, బట్టల కొట్టు, నా ప్రింటింగ్ ప్రెస్. ముగ్గురికీ కలిపి మా మేడ మీద ఒకటే మెషీన్, అందులో మూడు వర్చువల్ సర్వర్లు. ఒకదాంట్లో మూడెలా పడతాయని వాదించాను. నేను దేనికైనా వాదిస్తాను, మీకు తెలుసు.

“ఏటంటే అన్నయ్యా, ఒక ఇంట్లో మూడు వాటాలు. ఎవులి తలుపు ఆలిదే, ఎవులి పొయ్యి ఆలిదే. పెరట్లో నుయ్యి మాత్రం ఒక్కటే. మీ ఫైల్సన్నీ ఉండే డిస్కులే ఆ నుయ్యి. దాన్ని అందరూ సూసుకోవాల.”

ఆ మెషీన్‌కి కరెంటిచ్చే యూపీఎస్ మీద తెలుగులో, ఒడియాలో చీటీ అతికించాడు. ‘ఇందులో వేరే ప్లగ్ పెట్టకండి.’

పోయిన వేసవిలో మేడ మీద మీటింగ్ పెట్టాను. విషయం, శ్రమ గౌరవం.

సాయంత్రాలు కరెంటు పోతోంది. నా మైకు ఆగకూడదు. ఆంప్లిఫయరూ, పెద్ద ఫ్యానూ తెచ్చి ఆ యూపీఎస్‌లోనే పెట్టాను.

చీటీ చదివే పెట్టాను.

కరెంటు పోయింది. రెండు నిమిషాలు బాగా మాట్లాడాను. తర్వాత యూపీఎస్ చేతులెత్తేసింది. మెషీన్ ఉన్నపళంగా ఆగి, డిస్కులు చెడి, మూడు వాటాలూ ఒకేసారి కూలాయి. శనివారం తీసిన కాపీ నుంచి సింహాచలం చాలావరకు లేపాడు. ఆ తర్వాత చేసిన పని మాత్రం ఎవరికీ దక్కలేదు.

ఏమైందని మీరు అడిగారు. నేను గ్రూపులో రాశాను. ‘నాసిరకం డిస్కులు అంటగట్టాడు. టెక్నాలజీ పేరుతో చిన్న వ్యాపారి మీద దోపిడీ.’ ఆవేశంగా, పేరాలు పేరాలు. నాకు చేతనైన పని అదొక్కటే.

సింహాచలం వచ్చి యూపీఎస్ రికార్డు తీశాడు. ఆ సాయంత్రం దాని మీద లోడు ఎంత పెరిగిందో అందులో ఉంది.

“అన్నయ్యా, ఆ దినం ఇందులో ఏటైనా ఎట్టినారా?”

“లేదే” అన్నాను.

నా మైకు వైరు ఇంకా ఆ మూలనే చుట్టి ఉంది. దాన్ని చూశాడు. నా మొహం చూడలేదు.

“సర్లెండి. సీటీ సిన్నదైపోనాది. పెద్దది ఎట్టాల్సింది.”

మర్నాడు ఎర్ర అక్షరాల పెద్ద స్టిక్కర్ తెచ్చి అతికించి వెళ్లాడు. గ్రూపులో ఒక్క మాట రాయలేదు.

గేట్ బజార్‌లో అతన్ని పిలవడం మానేశారు. సర్వర్లు పెట్టిన మనిషి ప్రింటర్ల కోసం రంభ దాకా బస్సెక్కాడు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య పార్వతికి ఈ పని అతనంత బాగానూ వచ్చు. మనం పిలవడం మానేశాక కూడా, ఇంట్లో కూర్చుని మన కాపీలన్నీ సరిచూసేది ఆవిడే.

“మొన్న శనివారం కూడా ఆయన అడిగినారు బావగారూ, మీ ప్రెస్సు కాపీ సరిగ్గా ఒచ్చిందా నేదా అని. అన్నయ్య రాసుకున్నవి పోకూడదు, మళ్లీ ఒకసారి సూడు అన్నారు.”

ఆవిడకు నిజం చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి ఇక్కడ రాస్తున్నాను. ఇదీ పిరికితనమే.

సింహాచలం, ఇక ఏ నూతికీ నువ్వు కాపలా ఉండక్కర్లేదు. నిమ్మళంగా పడుకో తమ్ముడూ.

ఇక మీరు చేయాల్సినవి.

దొంగ అన్న మెసేజీలు చెరపకండి. వాటి కిందే, మీ పేరుతో, తప్పు అన్నామని రాయండి. మొదటిది నాది, రాసేశాను.

రేపు పార్వతి దగ్గరికి నేను వెళ్లి ఇదంతా నోటితో చెప్పాలి. చెప్పానో లేదో మీరు అడగండి.

మీ మెషీన్లు ఆవిడకు అప్పగించండి. జాలితో కాదు, పని వచ్చు కనక.

ఆ ఎర్ర స్టిక్కర్ ఎవరూ పీకొద్దు.

సంతాప సభ పెడితే నాకు మైకు ఇవ్వకండి.