నర్సింగం అడిగిన నూరేళ్ల హక్కు

మెదక్‌లో ఆటో నడిపే నర్సింగానికి పాటలు కట్టే పిచ్చి. వెనక సీట్లో ఎవరు కూర్చున్నా, దిగేలోపు ఒక చరణమైనా వినక తప్పదు. అతని కందిచేను పాట ఫోన్లలోకెక్కి ఊరూరా తిరిగింది. నర్సాపూర్ డీజే ఇంద్రకరణ్ దానికి దరువు కలిపి, ఎవరి పాటో చెప్పకుండా పెళ్లిళ్లలో మోగించడం మొదలుపెట్టాడు. నర్సింగానికి ఒళ్లు మండిపోయింది.

ఆ రోజుల్లోనే, కాపీరైట్ చట్టం మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే ఆర్థికవేత్త స్నేహలత పాటగాళ్ల మాట వినడానికి మెదక్ వచ్చింది. ఫంక్షన్ హాల్ నిండిపోయింది. ఇంద్రకరణ్ కూడా వెనక వరసలో నక్కి కూర్చున్నాడు.

"హక్కు కొద్దికాలమే ఇస్తే రాసేవాళ్లకు ఉత్సాహం పోతుంది. మరీ ఎక్కువకాలం ఇస్తే పాత పాట ముట్టుకోవడానికే జనం జంకుతారు. ఎక్కడ ఆపాలో చెప్పడం మా ఆర్థికవేత్తల పని," అందామె. "ఇప్పుడు రాసినవాళ్లు పోయాక అరవై ఏళ్లదాకా హక్కుంది. ఇంకా పెంచితే ఎక్కువ పాటలు రాస్తారా?"

"సచ్చినంక రాసుడు జర కష్టమే మేడం," అన్నాడు నర్సింగం.

హాలంతా గొల్లుమంది. స్నేహలతకూ నవ్వు ఆగలేదు.

"అయినా నూరేండ్లు ఇయ్యుండ్రి. ఆ ఇంద్రకరణ్‌గాని మనుమలు గూడ నా పాట ముట్టొద్దు!"

ఆ మాటకు ముందు వరసలోంచి కిష్టవ్వ లేచింది. ఆమె నర్సింగానికి చిన్నమ్మ. అతను మాట్లాడితే చూద్దామని రేగోడ్ నుంచి బస్సెక్కి వచ్చింది.

"నీ పాటనా? ఓరి నర్సింగా, కలుపు తీసుకుంట నేను పాడితె గట్టు మీద కూసొని ఇన్నది యాది లేదా?"

నర్సింగం చెవులు ఎర్రబడ్డాయి. మాటలు కొన్ని మార్చాడు గానీ రాగం ఆమెదే. వెనక నుంచి ఇంద్రకరణ్ చప్పట్లు కొట్టాడు.

"మేడం," గొంతు తగ్గించాడు నర్సింగం, "ఆ నూరేండ్లు జర కొట్టేయుండ్రి."

"మీకెవరు నేర్పారమ్మా?" అని కిష్టవ్వను అడిగింది స్నేహలత.

"మా అత్త. ఆమెకెవలు నేర్పిండ్రో అడుగుదామంటే ఆమె లేదాయె."

స్నేహలత కలం పక్కన పెట్టి, ఒకసారి పాడమంది. కిష్టవ్వ పాత రాగంలోనే అప్పటికప్పుడు కొత్త చరణం అందుకుంది:

"పాట దొరికిందట మా నర్సింగానికి, గట్టు మీద పడున్నదట!"

జనం పడీపడీ నవ్వారు. ఇంద్రకరణ్ ముందుకు పరుగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, దీన్ని డీజేల పెట్టుకోనా?"

"నా పేరు జెప్పి పెట్టుకో. వాని పేరు గూడ జెప్పు, పాపం."

ఆ ఎండాకాలం ఆ చరణం మోగని పెళ్లి ఊరేగింపు, బరాత్, లేదు. మెదక్‌లో ఒక బరాత్ ముందు నర్సింగమే అందరినీ పక్కకు నెట్టి చిందేశాడు.

"జరుగుండ్రి! నా మీద కట్టిన పాట, ముందు ఆడే హక్కు నాదే!"