మెమరీ గురించి అన్నతో ఆఖరి వాదన

మొన్న ఆదివారం మా అమ్మాయి కంప్యూటరు విప్పి, భాగాలన్నీ భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చుంది. కొత్త మెమరీ తెప్పించుకుందట, పాతదానికంటే బాగా వేగమైనదట. బల్ల తుడుద్దామని వెళ్లిన నన్ను చూసి, ఇది వేస్తే ఆట ఇంకా సాఫీగా నడుస్తుందా అమ్మా, లేక ఉత్త ప్రచారమేనా అని అడిగింది. మాటవరసకు అడిగిందే గాని నా జవాబు కోసం ఆగలేదు, చేతిలోని ఫోనులో అప్పటికే ఎవరో వివరంగా చెప్పేస్తున్నారు. నేను మాత్రం గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సరిగ్గా ఆ ప్రశ్న మీద ఒకప్పుడు నేనూ మా అన్నా వారం రోజులు వాదించుకున్నాం. మా ఇద్దరి మధ్యా వాదన అనేది జరగడం అదే ఆఖరు.

తొంభైల చివరి మాట అది. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి భవనం అప్పుడప్పుడే అద్దాలు తొడుక్కుంటోంది. మేము అనంతపురం వైపు వాళ్లం. నాన్న పోయాక అన్న ఇంటరుతోనే చదువు మానేసి, ఊళ్లు తిరిగి విత్తనాలు అమ్మి, నన్ను మాత్రం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివించాడు. చదువు ముగిసిన ఏడాదే, హైదరాబాదులో కంప్యూటర్ల కాలం వస్తోందని ఎవరో చెబితే విని, అమ్మను మేనమామ ఇంట్లో దించి, నన్ను వెంటబెట్టుకుని కొండాపూర్ వచ్చేశాడు. రోడ్డు మీదికి ఒక షట్టరు, వెనక రెండు గదులు కిరాయికి దొరికాయి. అన్న సిటీ బస్సులో సికింద్రాబాదు వెళ్లి విడిభాగాలు కొని, మానిటరును పసిపాపలా ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాడు. నేను వాటిని బిగించి కంప్యూటరు చేసేదాన్ని. అమ్మడం ఆయన పని, చేయడం నా పని.

ఇప్పటి కొండాపూర్ చూసినవాళ్లకు నేను చెప్పేది నమ్మబుద్ధి కాదు గాని, అప్పుడు అక్కడ ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. పునాదుల కోసం పగలంతా రాళ్లు పేల్చేవాళ్లు. ముందు ఒకడు ఎర్రగుడ్డ పట్టుకుని ఈల వేస్తూ రోడ్డుకు అడ్డం నిలబడేవాడు, తర్వాత భూమి ఒక్కసారి ఉలిక్కిపడేది, మా షట్టరు గడగడలాడేది. ఈల వినబడగానే అన్న ఏ పనిలో ఉన్నా లేచివచ్చి రెండు మానిటర్ల మీదా రెండు చేతులూ వేసి నిలబడేవాడు. శబ్దం అయిపోయాక, ఆశీర్వాదం ఇచ్చినట్టున్నావని నేను నవ్వితే, నీ మొహం, పడిపోతే తెలుస్తాది అనేవాడు.

మేము పొద్దున లేస్తే వాదించుకునే వాళ్లం. పొద్దుటి పలారానికి చేసే బొరుగుల ఉగ్గానిలో పుట్నాల పొడి దించేముందు వేయాలా, దించాక వేయాలా అన్న దగ్గర మొదలైతే, బస్సు ఏ దారిలో వెళ్తే త్వరగా చేరుతుంది, బోర్డుకు మరలు నాలుగు చాలునా ఆరు బిగించాలా అనేదాకా సాగేది. మాకు ఇల్లు కిరాయికిచ్చినవాళ్లు మొదట్లో అన్నాచెల్లెళ్లకు పడదేమో అనుకుని రాజీ చేయడానికి కూడా వచ్చారు. మాకేమో అదే కాలక్షేపం, అదే ముచ్చట. కొత్త ఊళ్లో తెలిసినవాళ్లు లేరు, టీవీ లేదు. నన్ను ఏమే అనీ, మొద్దుదానా అనీ పిలిచే మనిషి ఆయన ఒక్కడే. ఆ పిలుపులో ఎంత ధీమా ఉండేదో అప్పుడు నేను లెక్కపెట్టుకోలేదు.

అట్లా ఉండగా ఖాజాగూడ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. చుట్టరికమేమీ లేదు, వయసును బట్టి మేము అలా పిలిచేవాళ్లం. గచ్చిబౌలి వైపు ఆఫీసులకు వచ్చే కుర్రాళ్లు సెలవు రోజున ఏమీ తోచక తిరుగుతున్నారని గమనించి, ఇంటి ముందు గదిలో ఐదు కంప్యూటర్లు పెట్టి ఆటలు ఆడించాలని ఆవిడ ఆలోచన. కంప్యూటరు ఎన్నడూ ముట్టనిది, అయినా వస్తువు మంచీచెడ్డా అడిగి తెలుసుకోవడంలో గట్టి మనిషి. అప్పుడు మార్కెట్లో రెండు రకాల మెమరీ ఉండేది, అరవయ్యారు వేగానిది పాతది, వంద వేగానిది కొత్తది. కొత్తది వేయించుకుంటే కార్ల ఆట జోరుగా నడుస్తుందని అన్న ఆవిడకు చెప్పాడు. ఆలోచించుకుని వారానికి వస్తానని ఆవిడ వెళ్లింది.

ఆవిడ అటు వెళ్లగానే నేను మొదలుపెట్టాను. ఆటకు కావాల్సింది బొమ్మలు గీసే కార్డు, ప్రాసెసరు. మెమరీ వేగం పెరిగినంత మాత్రాన కార్లు ఉరకవు, లేనిపోనివి చెప్పి అమ్మొద్దు అన్నాను. అన్న ఒప్పుకోలేదు.

"నేను కండ్లారా చూస్నా మే. సికింద్రాబాదులో మనకు సామాన్లిచ్చే ఆయప్ప రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి చూపిచ్చినాడు. వందది వేసిన దాంట్లో కారు నీళ్లలో చేప మాదిరి పోతాంది."

"ఆయప్ప అమ్ముకునే మనిషి, అట్లనే చూపిస్తాడు. నీకు చూసేది తెలుసు గాని, లోపల ఏం జరుగుతుందో తెలుసా?" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నా డిప్లొమా నా చేతిలో కొత్త కొడవలిలా మెరుస్తూ ఉండేది, దేన్ని కోద్దామా అని చూసేదాన్ని.

వారం పాటు అన్నం దగ్గరా, పని దగ్గరా అదే గొడవ. చివరికి నేను నా సొంత కంప్యూటరులో ఒక మెమరీ తీసి ఇంకొకటి పెట్టి, అదే ఆటను అదే దారిలో ఆడి చూశాను. సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో తెర మూలన ఒక అంకె కనిపించేది. ఆ అంకెలో ఒకటి రెండు తప్ప తేడా లేదు. నా ఆనందానికి హద్దు లేదు. అన్న ఒక్కడికే చూపించి ఉంటే సరిపోయేది. కాని నేను పెద్దమ్మ వచ్చేదాకా ఆగాను.

ఆవిడ వచ్చిన రోజు షాపులో ఎవరో ఇద్దరు ఆఫీసు కుర్రాళ్లు కూడా ఉన్నారు. నేను ఆవిడను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఏ మెమరీ వేశానో చెప్పకుండా రెండుసార్లు ఆట నడిపించి చూపించాను. ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుని, చాలా శ్రద్ధగా, ఎద్దుల పళ్లు చూసి బేరమాడే మనిషిలా చూసింది.

"నాకైతే రెండూ ఒక్క తీరుగనే ఉరుకుతున్నయ్ బిడ్డా," అంది.

అప్పుడు నేను అంతా విడమర్చి చెప్పాను, తేడా లేదని, పాతదే చాలని. ఆవిడ అన్న వైపు తిరిగింది. కోపం లేదు, నవ్వుతూనే అంది.

"నువ్వు జర ఎక్కువ చెప్తవ్ కొడుకా. ఇగ నుంచి నేను మీ చెల్లెనే అడుగుత."

కుర్రాళ్లిద్దరూ నవ్వారు. అన్న కూడా నవ్వబోయాడు. "నేను చూసింది వేరే మాదిరి ఉండెనే," అని గొంతులోనే అన్నాడు, ఎవరూ వినిపించుకోలేదు, విన్న నేనూ పట్టించుకోలేదు. ఆయన లోపలి గదిలోకి వెళ్లి ఖాళీ అట్టపెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ పాత మెమరీతోనే ఐదు కంప్యూటర్లు చేయమని చెప్పి వెళ్లింది.

ఆ తర్వాత సంగతులు చెప్పడానికి చిన్నవే. షాపుకు వచ్చినవాళ్లు చెల్లెమ్మను పిలవండి, ఆమె నిజం చెబుతుందట అనడం మొదలైంది. పెద్దమ్మ నలుగురికీ చెప్పి ఉంటుంది. అన్న ఏదైనా చెప్పబోయి నా వైపు చూసి ఆగిపోయేవాడు. ఒక పొద్దున ఉగ్గాని చేస్తూ పొడి ఎప్పుడు వేయమంటావమ్మా అని అడిగాడు. నేను గెలిచానని మురిసిపోయాను, 'ఏమే' పోయి 'అమ్మా' వచ్చిందని గమనించనే లేదు.

నెల గడిచిందో లేదో పెద్దమ్మ నుంచి ఫోను వచ్చింది.

"బిడ్డా, ఆటల బండ్లు ఆగుకుంట ఆగుకుంట పోతున్నయ్. పోరగాండ్లు గడియ సేపు ఆడి లేచి, అవుతల సందుల కొత్తగ పెట్టినోళ్ల తాన పోతున్నరు. జర వచ్చి చూస్తవా?"

సంచిలో పనిముట్లూ, నేను పరీక్షకు వాడిన వంద మెమరీ పలకా వేసుకుని ఆటోలో బయలుదేరాను. ఖాజాగూడ చెరువు పక్క నుంచి వెళ్తున్నంతసేపూ కారణం మెమరీ కాదు, వేరే ఏదో ఉంటుందనే అనుకున్నాను. పెద్దమ్మ గదిలో ఐదు కుర్చీల్లో మూడు ఖాళీగా ఉన్నాయి. ఒక కంప్యూటరు వెనక్కి తిప్పి మానిటరు తీగ ఊడదీయబోతే నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ తీగ విడి కార్డుకు కాదు, నేరుగా బోర్డుకే ఉంది. ధర తగ్గుతుందని ఆవిడకు మేము ఎంచి ఇచ్చిన కొత్తరకం బోర్డు అది. బొమ్మలు గీయడానికి దానికి వేరే కార్డు ఉండదు, సొంత మెమరీ ఉండదు. కంప్యూటరు మెమరీలోనే వాటా తీసుకుంటుంది. ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెట్టినట్టు. అలాంటి చోట ధార ఎంత జోరుగా ఉంటే అంత మేలు. నేను పరీక్ష చేసిన నా కంప్యూటరులో విడి కార్డు ఉంది, అందుకే తేడా తెలియలేదు. ఈ ఐదింటినీ బిగించింది నా చేతులే. ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు.

వంద పలక వేసి ఆట నడిపాను. మూలన ఉన్న అంకె గబుక్కున పైకి లేచింది. మరీ రెట్టింపు కాలేదు గాని, మలుపులో కుంటుతున్న కారు సాఫీగా జారిపోయింది. కుర్చీలో ఉన్న కుర్రాడు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

పెద్దమ్మతో నిజం చెప్పేశాను. ఆ రోజు మా అన్న చెప్పిందే సరి, నేనే తప్పు, ఐదింటికీ కొత్తవి వేసి పాతవి తీసుకుపోతాను అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"మరి గాయన ఆ పొద్దు ఎందుకు ఊకున్నడు?"

నేను పనిముట్లు సంచిలో సర్దుకుని బయలుదేరాను. ఇంటికి తిరిగివచ్చేసరికి అన్న షట్టరు ముందు నీళ్లు చల్లుతున్నాడు. సంచి కూడా దించకుండా జరిగిందంతా చెప్పాను. సికింద్రాబాదులో నువ్వు చూసింది ఈ బోర్డే కదా అని అడిగాను. అవునన్నాడు. మరి ఆ మాట గట్టిగా చెప్పొచ్చు కదా, నీ కళ్లతో చూశావు కదా అని నేనే ఆయన మీద గొంతు లేపాను. తిరిగి అరుస్తాడని ఎదురుచూశాను. మొద్దుదానా, వినిపించుకున్నావా నువ్వు అంటాడని.

"చదువుకున్న పిల్లవి. నువ్వు అంత గట్టిగా చెప్పేసరికి, నేనే సరిగ్గా చూడలేదేమో అనుకున్నానమ్మా," అన్నాడు.

బకెట్టులో మిగిలిన నీళ్లు గుమ్మం పక్కన పోసి లోపలికి వెళ్లిపోయాడు. నేను గెలిచిన రోజు వేయని భయం నాకు ఆ సాయంత్రం వేసింది. నా మాట మీద నమ్మకంతో తన కళ్లనే అనుమానించుకున్నాడు మా అన్న.

మర్నాడు ఇద్దరం కలిసే ఖాజాగూడ వెళ్లాం. పెద్దమ్మ ఆయనకు చల్ల ఇచ్చి, నీ మాట విననందుకు ఏమనుకోకు కొడుకా అంది. ఆయన నవ్వి, మా చెల్లెలే కనిపెట్టింది పెద్దమ్మా అని ఆ గొప్ప కూడా నాకే ఇచ్చేశాడు. కుర్రాళ్లు తిరిగి వచ్చారు, ఆవిడ గది నిండింది. మా షాపు కూడా ఇంకో రెండేళ్లు బాగానే సాగింది. నేను క్షమించమని ఎన్నో రకాలుగా అడిగాను. ఆయనకు నా మీద కోపం ఉంటే గదా క్షమించడానికి. కావాలని మరలు నాలుగే బిగించి ఆరు ఎందుకు అనేదాన్ని. సరే అనేవాడు. తర్వాత నాకు పెళ్లయింది, కంపెనీలు తయారుచేసిన కంప్యూటర్లు ఎక్కువై మాలాంటివాళ్లకు పని తగ్గింది, అన్న అనంతపురం వెళ్లి బోరు మోటార్ల షాపు పెట్టుకున్నాడు.

మా షట్టరు ఉన్న చోట ఇప్పుడు ఎత్తైన భవనం ఉంది. ఆ ఊరు ఎంత మారిందో చెప్పమంటే నా ఈడు వాళ్లందరం గంటల తరబడి చెబుతాం, పోయిన రాళ్ల గురించి, పోయిన చెరువు గాలి గురించి. ఇప్పటి పిల్లలకు ఏ సందేహం వచ్చినా క్షణంలో తేలిపోతుంది, ఒకరితో ఒకరు వారం రోజులు పోట్లాడుకునే పని లేదు. మంచిదే కావచ్చు. నాకు మాత్రం, అన్నం చల్లారిపోతున్నా కంచం ముందు చెయ్యి ఊపుతూ నాతో వాదించే ఆ మనిషి కావాలనిపిస్తుంది.

పోయిన వారం ఫోనులో మాట్లాడుతూ కావాలనే ఒక తప్పు మాట అన్నాను. మన వైపు వెయ్యి అడుగుల బోర్లకు అర హార్సుపవరు మోటారు చాలదా అన్నా, అనవసరంగా రైతులకు పెద్దవి అంటగడుతున్నారు అన్నాను. ఆయన ఇన్నేళ్లుగా అమ్మేది అవే మోటార్లు. నేను ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను, ఒక్క తిట్టు వినబడుతుందేమోనని.

"చాలొచ్చులేమ్మా," అన్నాడు అన్న. తర్వాత, ఒంట్లో బాగుందా అని అడిగాడు.