నాన్న గీసిన అబద్ధపు గీత

మా నాన్న బూట్లు కుట్టేవాడు. ఎవరితో మాట్లాడాలన్నా మొహమాటం, పెన్సిలు పట్టుకుంటే మరీ మొహమాటం. ఆ మొహమాటమే ఒక పసిదాని కాలి మీదికి తెచ్చింది.

ఆ పిల్లకి పుట్టుకతోనే ఎడమ కాలి వేళ్లు రెండు బాగా పెద్దవి. రెండేళ్లప్పటి నుంచీ బూట్లు మా కొట్లోనే. ఆర్నెల్లకోసారి నాన్న ఆ పాదాలను కాగితం మీద పెట్టించి చుట్టూ గీసేవాడు. వాళ్లమ్మ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుందని పెద్ద వేళ్ల దగ్గర గీత కాస్త లోపలికి లాగేవాడు. ఆవిడ స్థిమితపడేది. నాకు ఒళ్లు మండేది. చెబితే వింటేగా!

బూటు దగ్గర మాత్రం ఆ వేషాలు కుదరవు. ప్రతిసారీ రెండు పాదాల వేళ్లూ టేపుతో కొలిచి, పాదం ఆకారంలో ఉండే చెక్క అచ్చులకి, పాత పొర మీదే, పెరిగిన మేరకు కొత్త తోలు పొర అతికించి, దాని మీద నెల రాసి, అప్పుడు కుట్టేవాడు.

పిల్లకి అయిదేళ్లు నిండాక ఒకరోజు ఆవిడ గబగబా వచ్చింది.

"అన్నయ్యా, ఎముకల డాక్టరమ్మ పాత కొలతలు తెమ్మంది. ఆ వేళ్లు ఒంటితో పాటే పెరుగుతుంటే ఇప్పట్లో ముట్టుకోరట. ఒంటిని మించి పెరుగుతుంటే మాత్రం వెంటనే ఆపరేషనట. ఆలస్యమైతే వేళ్లే తీసేయాల్సి రావచ్చట. నీ కాగితాల్లో వేళ్లు పాదంతో పాటే పెరిగాయిగా, గండం గడిచినట్టే!"

నాన్న చేతిలో బూటు కింద పెట్టాడు. నా వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం? చెప్పు," అన్నాను.

"అవి పనికిరావమ్మా. నువ్వు బాధపడతావని తగ్గించి గీశాను. అసలు కొలతలు అచ్చుల మీదున్నాయి."

ఆవిడ గిరుక్కున తిరిగి కొట్లోంచి బయల్దేరింది. నాన్న అచ్చులు రెండూ సంచిలో వేసుకుని ఆవిడ వెనకే ఆస్పత్రికి నడిచాడు. తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే పక్కన పెట్టుకుని పొరలు ఒక్కొక్కటే చూసింది. కుడి అచ్చుకి ఆరు పల్చటి పొరలు. ఎడమదానికీ ఆరే, కాని ఒకదాన్ని మించి ఒకటి మందం.

"ఇది తనంతట తాను ఆగేది కాదు. ఆ వేళ్లలో ఎముక పెరిగే చోటు మూసేసి, అదనపు కొవ్వు తీసేద్దాం. ఇప్పుడైతే వేళ్లు దక్కుతాయి," అంది.

దక్కాయి. మిగతావాటికన్నా ఇంకా పెద్దవే, కాని దక్కాయి.

కట్లు విప్పాక ఆవిడ పిల్లని తీసుకుని కొట్టుకి వచ్చింది. నాన్న కాగితం పరిచి పెన్సిలు తీశాడు.

"నువ్వు జరుగన్నయ్యా," అని ఆవిడే పెన్సిలు లాక్కుని కింద కూర్చుంది. మడమ నుంచి మొదలుపెట్టింది. ఆ రెండు వేళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, వేళ్లను ఆనుకునే గీసింది.