చిలకలపూడి రోడ్డు మీద మస్తాన్ బాబాయి

మొన్న ఉదయం మెట్లు కడగడానికి మా వాచ్‌మన్ భార్య యాసిడ్ సీసా మూత తీసింది. నేను అప్పుడే కిందికి దిగుతున్నాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే గొంతులో గరగర మొదలై, రెయిలింగు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "ఏమైందమ్మగారూ?" అంటూ ఆ అమ్మాయి కంగారు పడింది. ఏమీ లేదన్నాను. కానీ ఆ రోజంతా ఏ పని చేస్తున్నా మస్తాన్ బాబాయే కళ్ళ ముందు మెదిలాడు.

డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత నాగాయలంక వైపు మాకంటూ ఏమీ మిగల్లేదు. ఇల్లు పోయింది, అమ్మ పోయింది. బందరు చిలకలపూడిలో అక్కావాళ్ళింటికి చేరేసరికి నాకు ఇరవై రెండేళ్ళు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. వర్షంలో తడిస్తే ఆయాసం, పొగ తగిలితే ఆయాసం. బావగారు తెలిసినవాళ్ళతో చెప్పి, రోల్డుగోల్డు నగలు చేసే కార్ఖానాలో కమ్మలకు రాళ్ళు అతికించే పని ఇప్పించారు. పెంకుటింట్లో పొడుగాటి గది, పదిమంది పనివాళ్ళం. మూల యాసిడ్ తొట్టి. అతుకులు వేసిన నగల మసి పోవడానికి వాటిని అందులో ముంచి తీసేవారు. ముంచినప్పుడల్లా పసుపుపచ్చని పొగ లేచేది. మస్తాన్ గారు అతుకులు వేసే పెద్ద పనివాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేవారు. ఊదుగొట్టం నోట పెట్టుకుని దీపం మంటను సూదిలా సాగదీసి, గింజంత అతుకు కరిగించేవారు.

చేరిన నాలుగో రోజే నాకు ఆయాసం వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. ఆయన వాళ్ళను పక్కకు జరిపి, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించమన్నారు.

"పీల్చుకోవడానికి తొందరపడకమ్మా. ముందు లోపలున్నది వదులు. నిండిన కుండలో నీళ్ళెక్కడ పోస్తావు?"

పెదాలు సున్నాలా చుట్టి, మంట ఆరిపోకుండా ఊదినట్టు మెల్లగా వదలమని తనూ ఊది చూపించారు. పావుగంటకు నా ఊపిరి నాకు చిక్కింది. అప్పటి నుంచి ఆయన నాకు బాబాయి, ఆయన భార్య జైనబ్ పిన్ని.

మర్నాటి నుంచి తెల్లవారుజామునే వాళ్ళిద్దరూ నన్ను తమతో చిలకలపూడి రోడ్డు మీద నడకకు తీసుకెళ్ళేవారు. మొదట్లో వంద అడుగులకే రొప్పేదాన్ని. "ఆయాసం వస్తే ఆగు. రోడ్డెక్కడికీ పోదు" అనేవారు. ఆగిన చోట సిగ్గుపడకూడదు, మళ్ళీ బయలుదేరకపోతేనే సిగ్గుపడాలి అనేవారు. దీపాలు పెట్టకముందే అన్నం తినమన్నారు. దిళ్ళూ బొంతలూ ఎండలో వేయించారు. అక్క వంటింట్లోని పొట్టు పొయ్యిని దొడ్లోకి మార్పించేదాకా ఊరుకోలేదు. "ముస్లిం పెద్దాయన చెప్పాడని మా వంటిల్లు వీధిన పడింది" అని అక్క నవ్వుతూనే విసుక్కుంది. అయితే ఆ శీతాకాలం నేను ఒక్క రాత్రి కూడా ఆయాసంతో కూర్చుని తెల్లవార్చలేదు.

ఒకరోజు నడకలో అడిగాను. "ఇన్ని తెలిసినవారు, ఆ గదిలో ఎందుకుంటారు బాబాయీ?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. "తెలిసినవన్నీ చేయగలిగితే మనిషికింకేం కావాలమ్మా. నా చేతులకు ఈ పనొక్కటే వచ్చు" అన్నారు.

గాలుల కాలం వచ్చింది. దుమ్ము పడుతోందని ఓనరు గారు కిటికీలు మూయించారు. బాబాయి వెళ్ళి తెరిచేవారు, ఆయన మళ్ళీ మూయించేవారు. అదే రోజుల్లో తొట్టి దగ్గర పనిచేసే మనిషి మానేశాడు. ఓనరు గారు నా వైపు చూసి, "రేపటి నుంచి నువ్వు కూర్చోమ్మా, ఆడవాళ్ళ చెయ్యి తేలిక" అన్నారు. మర్నాడు భయంభయంగా వెళ్ళేసరికి తొట్టి ముందు బాబాయి కూర్చుని ఉన్నారు.

"ఓనరు గారు నన్నిటు మార్చారమ్మా. నయమే, వంగి వంగి నడుం పోతోంది" అన్నారు.

నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది.

ఏడాది తిరిగేసరికి నడకలో నేను ముందుండేదాన్ని. ఆయన కరెంటు స్తంభం దగ్గర చెయ్యి ఆనించి ఆగిపోయేవారు. నేను వెనక్కి తిరిగితే పొమ్మని సైగ చేసేవారు. "నువ్వు ఈ పని మానెయ్, కుట్టుపని నేర్చుకో" అని వెంటపడి, గుడివాడలో ఎవరినో పట్టుకుని కుట్టు సెంటరులో చేర్పించారు. బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు మాట పూర్తిచేయడానికి రెండుసార్లు ఆగారు. అది కూడా నేను చూడనట్టే ఊరుకున్నాను.

గుడివాడలో పని ఎక్కువ. పొద్దున్నే లేవడం మానేశాను, నడక మానేశాను. వారం వారం వస్తానన్నదాన్ని ఎనిమిది నెలలు బందరు వెళ్ళలేదు. బాబాయికి బాగాలేదని అక్క రాసిన కార్డు చూసి బయలుదేరాను.

బాబాయి మంచం మీద పడుకోలేక, ఎదురుగా బల్ల మీద దిళ్ళు పేర్చుకుని వాటి మీద తల ఆనించి కూర్చుని ఉన్నారు. మెడ ఎముకల పక్కన చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. నన్ను చూసి కళ్ళతో నవ్వారు. చాలాసేపటికి మాట కూడగట్టుకున్నారు.

"రోజూ... నడుస్తున్నావా?"

"నడుస్తున్నాను బాబాయీ."

ఆయన తల ఊపి కళ్ళు మూసుకున్నారు. ఎంత తృప్తిగా ఊపారో!

వసారాలో జైనబ్ పిన్నితో, ఆ ఓనరు తొట్టి దగ్గరకు మార్చకుండా ఉంటే బాగుండేదన్నాను. ఆవిడ వింతగా చూసింది.

"ఓనరు ఎక్కడ మార్చాడమ్మా? ఈయనే అడిగి కూర్చున్నారు. ఆ పిల్లను కూర్చోబెడితే నేను పని మానేస్తానన్నారట. నీకు తెలియదా?"

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. లోపలికి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నిజం చెప్పాలని నోరు తెరిచాను. ఆయన నిద్రపోతున్నారు. లేపడానికి చేతులు రాలేదు.

నాలుగో రోజున పోయారు. ఆ మర్నాడు చీకటితోనే లేచి, చిలకలపూడి రోడ్డు మీద ఒక్కదాన్నే నడిచాను. ఇన్నేళ్ళలో జ్వరం వచ్చిన రోజులు తప్ప ఆపలేదు. ఈ వయసులో ఇంత దూరం ఎలా నడుస్తున్నారని అడిగేవాళ్ళకు అలవాటని చెబుతాను. కానీ నేను నడిచేది ఆరోగ్యం కోసం కాదు. ఆ రోజు ఆయనతో ఆడిన అబద్ధాన్ని నిజం చేద్దామని. ఇంకా కాలేదు.