అక్క సైకిలుకి రెక్కల బ్రేకులు

అక్క కాలవలో పడింది ఒక సోమవారం పొద్దున. మా కంకిపాడు నుంచి ఆమె తిరిగే పల్లెలకి పోయే కాలవగట్టు దారిలో ఒక గూని వంతెన ఉంది. కింద నుంచి పడవలు పోవడానికి వీలుగా ఎత్తుగా కట్టింది. ఎక్కేటప్పుడు సైకిలు దిగి నెట్టాలి, దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోవాలి. ఆ రోజు బ్రేకు రాడ్డు కీలు దగ్గర జారిపోయింది. సైకిలు గట్టు దాటి, తూటికాడల మీదుగా నడుము లోతు నీళ్లలోకి దిగింది. అక్కడ గడ్డి కోసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు ముందు అక్కని, తరవాత మందుల సంచిని, ఆఖరున సైకిలుని పైకి లాగారు.

అక్క ప్రభుత్వ నర్సు. ఆమె కింద ఐదు పల్లెలు. పురుళ్లు, టీకాలు, పసిపిల్లల జ్వరాలు, అన్నీ ఆమె సైకిలు మీద రావడాన్ని బట్టే. రెండు పల్లెలకి బస్సు లేదు, ఒకదానికి సరైన దారే లేదు. సైకిలు లేకపోతే ఆ ఉద్యోగం లేదు.

నేను అప్పటికి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి రెండు నెలలయింది. ఇంటర్వ్యూ కాగితం కోసం రోజుకి మూడుసార్లు పోస్టాఫీసు దాకా వెళ్లి వచ్చేవాణ్ణి. ఒకచోట కూర్చుంటే కాళ్లు ఊరుకునేవి కావు. ఇంట్లో తలుపు బందులన్నిటికీ నూనె వేశాను. చేదబావి గిలక విప్పి మళ్లీ బిగించాను. గోడగడియారం విప్పబోతుంటే అమ్మ చేతిమీద కొట్టింది.

నాన్నగారు మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తన నిర్ణయాలు మాతో నేరుగా చెప్పేవారు కారు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుడితో చెప్పేవారు. మేం పక్కన కూర్చుని తెలుసుకునేవాళ్లం.

“ప్రభువా, ఈ సైకిలు తిరుగుడు చాలించే బుద్ధి మా అమ్మాయికి దయచెయ్యి. మన మిషన్ హాస్టల్లో మేట్రను పని ఖాళీగా ఉంది. ఈ నెలాఖరులోగా ఆమె రాజీనామా ఇచ్చేటట్టు మనసు తిప్పు.”

నేను కళ్లు తెరిచాను. అక్క అప్పటికే తెరిచి నాన్నగారినే చూస్తోంది.

“ఆమెన్ అనవేమే?” అంది అమ్మ, ప్రార్థన అయ్యాక.

“అంటే ఒప్పుకున్నట్టేగా” అంది అక్క. “బ్రేకు చెడిపోతే బ్రేకు మార్చాలి గానీ ఉద్యోగం మారుస్తారా నాన్నగారూ?”

“మార్చుకో. నమ్మకమైన బ్రేకు ఎవరు పెడతారో పెట్టించుకో. కానీ మళ్లీ ఒక్కసారి పడ్డావా, రాజీనామా నేనే రాస్తాను. సంతకం మాత్రం నీది.”

“నేను పెడతానండీ బ్రేకు” అన్నాను.

నాన్నగారు నా వంక చూసి, గోడగడియారం వంక చూసి, లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, ఆ బ్రేకుకి ఉండవలసిన గుణాలు రాసుకున్నాను. అక్క వేళ్లు పొట్టివి, కాబట్టి తక్కువ బలంతోనే గట్టిగా పట్టాలి. వానాకాలం గట్టు మీదంతా నల్లరేగడి బురద, కాబట్టి టైరుకీ బ్రేకుకీ మధ్య ఖాళీ ఎక్కువుండాలి. వెనక మందుల సంచి బరువు వేసుకుని వంతెన దిగుతూ నిలబడాలి. కీళ్లు తక్కువుండాలి. ఈ నాలుగింటిలో పాత రాడ్డు బ్రేకు మొదటిదానికీ నాలుగోదానికీ పనికిరాదు. కొత్తరకం సైకిళ్లకి వచ్చే వైరు బ్రేకు, ఒకే బోల్టు మీద తిరిగే పటకారు లాంటిది, బురదకి పనికిరాదు. మిగిలింది కాంటిలీవర్ బ్రేకు. పాలిటెక్నిక్ లైబ్రరీలో ఒక విదేశీ సైకిలు పత్రికలో దాని బొమ్మ చూశాను. చక్రాన్ని రెండువైపులా పట్టుకునే ఫోర్కు రెండు కాళ్లకీ చెరో చిన్న చెయ్యి. ఫోర్కుకి అతికిన ఇనప మేకు మీద ఒక్కోటి తిరుగుతుంది. రెండిటినీ పైనుంచి ఒక అడ్డవైరు కలుపుతుంది. మధ్యలో బురదకి కావలసినంత చోటు. ఆ పేజీని ట్రేసింగు కాగితం మీద గీసుకొచ్చి దాచుకున్నాను.

బస్సెక్కి విజయవాడ వెళ్లాను. గవర్నరుపేటలో ఒక పాత సైకిలు షాపు. ముసలి యజమాని నా బొమ్మని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఓ, ఈ రెక్కల బ్రేకులా? ఉన్నాయి. ఎవరో తెల్లాయన సైకిలు మీద దేశమంతా తిరుగుతా వచ్చి, ఇక్కడ ఫ్రేము విరగ్గొట్టుకుని రైలెక్కి పోయాడు. అప్పట్నుంచీ ఆ డబ్బాలోనే పడున్నాయి. అడిగినోడివి నువ్వొక్కడివే.”

“ముందువీ వెనకవీ రెండు జతలూ ఉన్నాయాండీ?”

“నాలుగు రెక్కలూ ఉన్నాయి. ఎగిరిపోలేదులే.”

రాడ్డు బ్రేకు రబ్బరు రిమ్మును లోపలివైపు నుంచి పట్టుకుంటుంది. ఇవి పక్కల నుంచి నొక్కుతాయి. అందుకని పక్కలు చదునుగా ఉండే రిమ్ములు కూడా కావాలన్నాను. లివర్లూ వైర్లూ కూడా కావాలన్నాను.

“బాబూ, సైకిలుకి బ్రేకు మారుస్తున్నావా, బ్రేకుకి సైకిలు మారుస్తున్నావా?” అన్నాడాయన. “కొత్త రాడ్డు ఏయించుకుంటే అరగంట పని.”

“ఆ అరగంట పనే మా అక్కని కాలవలో పడేసిందండీ.”

ఆయన రిమ్ములు దింపాడు.

మేకులు నేనే లేత్ మిషను మీద తిప్పి చేశాను, పాలిటెక్నిక్ వర్కుషాపులో మా ఇన్‌స్ట్రక్టరుగారిని బతిమాలి. వాటిని ముందు వెనక ఫోర్కులకి అతికించడానికి ఆటోనగర్ వెళ్లాను. అక్కడ వెల్డింగాయన కరెంటు వెల్డింగు కొడతానంటాడు. పల్చటి గొట్టం కాలిపోతుంది, గ్యాసు మంటతో ఇత్తడి కరిగించి అతకాలంటాను నేను.

“ఇత్తడా? ఏందయ్యా, ఫోర్కుకి ముక్కుపుడకలు కుట్టిస్తున్నావా?” అని పక్క షెడ్డువాళ్లని పిలిచి చూపించాడు. కానీ పని మాత్రం చక్కగా చేశాడు. ఇరుసు నుంచి మేకు దాకా దూరం నేను చెప్పినంతే వచ్చింది. రెండువైపులా స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను. నాలుగోసారి కొలవబోతే ఆయన స్కేలు లాక్కున్నాడు.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. రబ్బరు సరిగ్గా రిమ్ము పక్క మధ్యలో తగలాలి. ఒక పిసరు పైకి పోతే టైరుని కోస్తుంది, కిందికి పోతే జారి చువ్వల్లో ఇరుక్కుంటుంది. రబ్బరు ముందు కొన ముందుగా తగలాలి, లేకపోతే కీచుమని అరుస్తుంది. అందుకని వెనక కొన దగ్గర పోస్టుకార్డు ముక్క మడిచిపెట్టి బిగించాను. అడ్డవైరు ఎంత కిందికుంటే పట్టు అంత బలం, కానీ లివరు అంత ఎక్కువ లాగాలి. అక్క వేళ్లకి సరిపోయే ఎత్తు కోసం పద్నాలుగుసార్లు విప్పి కట్టాను. ఇంట్లో భోజనానికి పిలిస్తే చేతిలో పానాతోనే కూర్చునేవాణ్ణి.

“వాడు నిద్దట్లో కూడా ఏదో బిగిస్తున్నాడు” అని అమ్మ నాన్నగారితో అనడం విన్నాను.

తరవాత పరీక్షలు. మందుల సంచి బరువుకి సమంగా బియ్యం మూట కట్టి, వంతెన మీద నుంచి దిగుతూ సున్నంతో గీసిన గీత దగ్గర బ్రేకు పట్టేవాణ్ణి. ఆగిన చోటికి టేపు పెట్టి అడుగులు రాసుకునేవాణ్ణి. మొదటిరోజు ఇరవైరెండు అడుగులు. రబ్బర్లు అరిగి ఒదిగేకొద్దీ తగ్గుతూ వచ్చి తొమ్మిది దగ్గర నిలిచింది. గడ్డి కోసే ఆ ఆడవాళ్లిద్దరూ రోజూ నన్ను చూసేవారు.

“ఏం బాబూ, వంతెన కొలుస్తున్నావ్? కొంటావా?” అనేది పెద్దావిడ.

అన్నాళ్లూ అక్క బస్సులోనూ కాలినడకనా తిరుగుతూ వచ్చింది. నెలాఖరుకి నాలుగు రోజులుండగా సైకిలు అక్క ముందు నిలబెట్టాను. నాన్నగారు వచ్చి వంగి చూశారు. లివరు ఒకసారి నొక్కి వదిలారు. “నీ పూచీయేనా?” అన్నారు. నాదేనన్నాను.

అక్క సంచిలో సూదుల డబ్బా సర్దుకుంటోంది. “ఎడమ లివరు ముందు చక్రానికి, కుడిది వెనక చక్రానికి. తెలిసిందా?” అన్నాను. పత్రికలో బొమ్మ అలాగే ఉంది. దాన్ని నేను గీతకి గీత అనుసరించాను. అక్క తల ఊపింది. ఎక్కి వెళ్లిపోయింది.

నేను అరుగు మీద కూర్చున్నాను. లేచాను. పోస్టాఫీసు దాకా వెళ్లి, లోపలికి పోకుండానే వెనక్కి వచ్చాను. పెరట్లో నాన్నగారి సైకిలు కనిపించింది. ఏ ఆలోచనా లేకుండా దాన్ని ఎక్కి కాలవగట్టు పట్టాను.

వంతెనకి ఇవతల ఉండగానే అక్క కనిపించింది. సైకిలు నెట్టుకుంటూ పైదాకా ఎక్కి, మళ్లీ సీటు మీద కూర్చుని దిగబోతోంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. అక్క కుడిచేతిలో నల్లగొడుగు, విప్పి ఉంది. ఎడమచెయ్యి ఒక్కటే హ్యాండిలు మీద.

మా వైపు ఎండాకాలంలో, వానాకాలంలో అందరూ సైకిలు అలాగే తొక్కుతారు. నేనూ అలాగే తొక్కుతాను. కుడిచెయ్యి గొడుగుకి, ఎడమచెయ్యి హ్యాండిలుకి. మన సైకిళ్లన్నిటికీ ఎడమ లివరు వెనక చక్రానిది కాబట్టి ఒక్క చేత్తో ఎంత పట్టినా ఏమీ కాదు. నేను దాన్ని ముందు చక్రానికి తగిలించాను. పరీక్షలన్నీ రెండు చేతులతో హ్యాండిలు పట్టుకునే చేశాను. నోటుబుక్కులో పదకొండు పేజీలు నిండాయి. ఒక్క పేజీలోనూ గొడుగు లేదు.

“అక్కా! ఎడంచెయ్యి పట్టకూ!” అని అరిచాను.

వెనకనుంచి ఎవరైనా కేకపెడితే సైకిలు మీదున్న మనిషి చేసేది ఒక్కటే. అక్క తల తిప్పి, బ్రేకు పట్టింది.

తొమ్మిది అడుగులు కూడా అక్కర్లేకపోయింది. ముందు చక్రం ఉన్నచోటే నిలబడిపోయింది. వెనక చక్రం గాల్లోకి లేచింది. అక్క హ్యాండిలు మీదుగా వంతెన రాళ్ల మీద పడింది. గొడుగు దొర్లుకుంటూ పోయింది.

“అమ్మో, మళ్లీ నర్సమ్మేనే!” అని గడ్డివాళ్లు కొడవళ్లు పడేసి పరిగెత్తారు.

నేను చేరేసరికి అక్క కూర్చుని ఉంది. గడ్డం గీరుకుపోయింది, మోచెయ్యి చెక్కుకుపోయింది, చీర మోకాలి దగ్గర చిరిగింది. ఎముకలు బాగానే ఉన్నాయని ముందు తనే తడుముకుని చూసుకుంది.

“పట్టకంటావేంట్రా? పట్టకపోతే కాలవలోకి పోనా?”

“గొడుగు... నువ్వు గొడుగు పట్టుకుని తొక్కుతావని నేను...”

“ఈ ఎండలో గొడుగు లేకుండా ఎవరు తొక్కుతార్రా? చదువుకున్నావుగా!”

“పోన్లేమ్మా, ఈసారి తడవలేదు” అంది గడ్డి కోసే చిన్నావిడ. పెద్దావిడ నా వంక చూసి, “కొలిచి కొలిచి పడేశావు గదయ్యా” అంది.

నా జేబులో పానా ఉంది. ఆ నెలంతా అది జేబులోనే ఉండేది. అక్క తన సంచిలోంచి టింక్చరు తీసి గడ్డానికి అద్దుకుంటుంటే, నేను రోడ్డు మీదే కూర్చుని వైర్లు రెండూ లివర్ల దగ్గర విప్పి, దానిది దీనికీ దీనిది దానికీ మార్చాను.  బిగించాక రిమ్ముకీ రబ్బరుకీ మధ్య సందు మళ్లీ సరిచేశాను.

“నువ్వు దిగు ముందు” అంది అక్క. “ఒంటిచేత్తో. గొడుగు పట్టుకో.”

ముగ్గురు ఆడవాళ్లూ చూస్తుండగా గొడుగు వేసుకుని వంతెన దిగాను. ఎడమచెయ్యి పట్టాను. వెనక చక్రం బరుక్కుంటూ ఆగింది. మెల్లగా ఆగింది, కానీ ఆగింది. అక్క నన్ను ఇంకో రెండుసార్లు దింపించింది. తరవాత తను దిగింది.

“నాన్నగారికి ఏం చెబుదాం?” అన్నాను.

“గేదె అడ్డమొచ్చిందని చెప్పమ్మా, ఎవరడుగుతారు?” అంది పెద్దావిడ.

అక్క చీరకి అంటిన మట్టి దులుపుకుంది. “వద్దులే. గేదె పేరు చెబితే రేపు గేదెలున్నంత కాలం వెళ్లొద్దంటారు” అంది. సంచి క్యారియరుకి కట్టుకుని, తన ఊళ్ల వైపు తొక్కుకుంటూ పోయింది.

సాయంత్రం ఆమె ఇంట్లోకి అడుగు పెట్టేసరికి నాన్నగారు వాకిట్లోనే ఉన్నారు. గడ్డం చూశారు, చీర చూశారు.

“పడ్డావు.”

“పడ్డానండీ.”

“బ్రేకు పట్టలేదా?”

“పట్టింది. బాగా పట్టింది. పట్టకూడని చక్రం పట్టింది.”

ఆమె మొత్తం చెప్పింది. గొడుగు, ఎడమచెయ్యి, నా కేక, ఏదీ దాచలేదు. మధ్యలో నాన్నగారు నన్ను పిలిచి, ఏ వైరు ఎక్కడ ఉండేదో, ఇప్పుడెక్కడుందో సైకిలు దగ్గర నిలబెట్టి చెప్పించుకున్నారు. బడిలో లెక్క తప్పిన పిల్లాణ్ణి నల్లబల్ల దగ్గరికి పిలిచినట్టే పిలిచారు. చెప్పడం అయ్యాక రెండు లివర్లూ ఒక్కొక్కటే నొక్కి చూశారు.

“తప్పు నాదండీ” అన్నాను.

“తెలుస్తూనే ఉంది” అన్నారు. అక్క వైపు తిరిగారు. “వీడి తప్పుకి నువ్వెందుకే ఉద్యోగం మానడం?”

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. అక్క బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

మర్నాడు ఆమె బయల్దేరుతుంటే నేను చెప్పులు తొడుక్కున్నాను.

“వెనకాల పోకు” అన్నారు నాన్నగారు పేపరులోంచి తలెత్తకుండానే.

చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాను. అంత పొడుగు రోజు నేను ఎరగను. ఇప్పుడామె గట్టెక్కి ఉంటుంది, ఇప్పుడు వంతెన ఎక్కుతూ ఉంటుంది, ఇప్పుడు దిగుతూ ఉంటుంది అని లెక్క వేసుకున్నాను. వీధిలో ఏ సైకిలు గంట మోగినా లేచాను. ఆమెని నేను అడగని విషయాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వానలో గొడుగు ఏ చేతికి మారుస్తుంది? చంటిబిడ్డని ఎత్తుకున్న తల్లిని ఎప్పుడైనా వెనక ఎక్కించుకుంటుందా? బురదలో సైకిలుని ఎటువైపు నుంచి దిగుతుంది? నోటుబుక్కు తీశాను గానీ రాయలేదు. వీటికి జవాబులు అక్క దగ్గరే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా అక్క వచ్చింది. సైకిలు గోడకి ఆనించి, కాళ్లు కడుక్కుంటూ అమ్మతో చెబుతోంది, దారి లేని ఆ పల్లెలో ఒకావిడకి కవలలు పుట్టారనీ, రెండో బిడ్డ ఎదురుకాళ్లతో వచ్చిందనీ, ఇద్దరూ గుక్కపట్టి ఏడ్చారనీ.

మాట ఆగేదాకా ఉండలేక, సైకిలు బ్రేకు వంక చూస్తూ మధ్యలోనే అడిగాను.

“ఎలా పట్టిందే?”

“ఏది?” అంది అక్క.