రంగుకు రంగు కలపని తీగ

2001 జూన్‌లో నేను విజయవాడ టెలిఫోన్స్‌లో సబ్ డివిజనల్ ఇంజనీరుని. చల్లపల్లి ఎక్స్ఛేంజిలో కొత్త రౌటర్ పెట్టి రమ్మని ఆర్డరు వచ్చింది. చల్లపల్లికి ఇంటర్నెట్ తెచ్చింది నేనే. అసలు కేబులు పనికిరాకుండా పోతే, చేతికందిన తీగతో పావుగంటలో పని ముగించాను. రిటైరయ్యాక పెళ్ళిళ్ళలో చెప్పే కథ ఇది. వినేవాళ్ళలో ఇంజనీర్లు లేకపోతే పావుగంట కాస్తా పది నిమిషాలవుతుంది.

నిజానికి పట్టింది నాలుగున్నర గంటలు.

రౌటర్ అంటే ఒక ఊరి కంప్యూటర్లని బయటి నెట్‌వర్కుతో కలిపే పెట్టె. కొత్తదానికి ఇంకా చిరునామా ఉండదు కాబట్టి దూరం నుంచి పలకరించలేం. దాని వెనక కన్సోల్ అనే పోర్టు ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని ప్రత్యేకమైన కేబులుతో దానికి తగిలించి, టెర్మినల్ ప్రోగ్రాంలో వేగం 9600 అని పెట్టి ఎంటర్ కొడితే, తెర మీద పెట్టె మాట్లాడుతుంది. మిగతా పనంతా ఆ తర్వాతే.

మా డివిజనల్ ఇంజనీరు గారు ఒక షరతు పెట్టారు. సాయంత్రం ఐదింటికల్లా నడవకపోతే రౌటర్‌ని వెనక్కి తెచ్చెయ్యాలి, ఇంకో ఊరివాళ్ళు అడుగుతున్నారు. ఆ గడువు నాకన్నా షమీమ్ గారికి ముఖ్యం. ఆవిడ విజయవాడలో కోచింగ్ కాలేజీ ఉద్యోగం మానేసి, చల్లపల్లిలో మూడు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటరు పెట్టుకున్నారు. అప్పటిదాకా విజయవాడకి ఎస్టీడీ కలుపుకుంటే గాని నెట్ వచ్చేది కాదు. ఆ రేటుకి ఆవిడ సెంటర్లో ఎవరూ కూర్చునేవారు కాదు. పొద్దున్నే వచ్చి ఎక్స్ఛేంజిలో మా కోసం కాచుకుని ఉన్నారు.

పన్నెండుంబావుకి ల్యాప్‌టాప్ తగిలించి ఎంటర్ కొట్టాను. తెర నల్లగా ఉండిపోయింది. కేబులు చూస్తే మధ్యలో నలిగి లోపలి తీగలు తెగాయి. దారిలో మామిడిపళ్ళ బుట్టకి డ్రైవరు దాన్ని తాడనుకుని కట్టాడని అందరికీ చెప్పాను. కట్టింది నేనే. మా బావగారికి నూజివీడు రసాలు.

అక్కడి కేబుల్ జాయింటర్ ఖాదర్ గారు. భూమిలో కేబులు తెగితే వందల తీగల్ని రంగులు చూసి మళ్ళీ కలపడం ఆయన పని.

"ఎనిమిది తీగలేగా సార్, ఇదో పనా!" అని కొత్త కేబులు ముక్క కోసి, రెండు కొసలకీ ప్లగ్గులు నొక్కి ఇచ్చారు. తెర నల్లగానే ఉంది. ఇంకొకటి చేశారు. అదీ అంతే. వేగం మార్చి చూశాను. రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. మూడున్నరకి పెట్టే పాడైందని తేల్చేశాను.

షమీమ్ గారు తెగిన కేబులు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు.

"చాచా, ఈ కొసకి రంగులు ఒక వరసలో ఉన్నాయి. ఆ కొసకి తిరగేసి ఉన్నాయేంటి?"

"కంపెనీవాడు తప్పు కొట్టుంటాడమ్మా. ఇరవై ఆరేళ్ళుగా కలుపుతున్నా. నీలానికి నీలం, నారింజకి నారింజ. తిరగేస్తే ఒకళ్ళ ఫోను ఇంకొకళ్ళింట్లో మోగదూ?"

"ఇది ఫోను కాదుగా. నా కోసం ఆ తప్పే కొట్టు ఒకసారి."

"చూడండి సార్, సర్వీసులో లేని పని చేయిస్తోంది!" అని గొణుగుతూనే ఖాదర్ గారు మూడో కేబులుకి ఒక కొసన రంగులు తిరగేశారు. ఎంటర్ కొట్టాను. తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. ఖాదర్ గారు ఆ తెరని కాసేపు అనుమానంగా చూశారు.

అది కంపెనీ తప్పు కాదు. ఈ కొసన మాట్లాడే తీగ ఆ కొసన వినే తీగకి చేరాలి. అందుకే కన్సోల్ కేబులుని అలా తిరగేసి చేస్తారు. మాకు ట్రైనింగులో చెప్పారు కూడా. భోజనం తర్వాత క్లాసు.

ఐదుకి పావుగంట ముందు షమీమ్ గారి సెంటర్లో మొదటి పేజీ తెరుచుకుంది.

ఒక పనిలో తలపండినవాడి అలవాటు పక్క పనిలో పనికిరాకపోవచ్చు. కొత్తది చేసేముందు చేతిలో ఉన్న పాతదాన్ని రెండువైపులా చూడాలి. ఆ తర్వాత నా సర్వీసంతా అలాగే చూశాను.

ఇది రాసి, ఇప్పుడు గుణదలలో ఉంటున్న ఖాదర్ గారికి ఫోన్లో చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విన్నారు.

"బాగానే రాశారు సార్. కానీ రెండో కేబులు పనిచెయ్యకపోయేసరికి మీరు రౌటర్‌ని అట్టపెట్టెలో పెట్టి టేపు కూడా వేసేశారు. ఆ టేపు పీకింది షమీమ్. అది రాయలేదేం?"