కనబడని బటన్

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. కానీ మోసి మోసి అలసిపోయాను. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

గనుల ఊరు కూరెకుప్పలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో వెబ్‌సైట్ పని నా మొదటి ఉద్యోగం. తెర ఎంతుంటే పేజీ అంతకు ఒదిగేలా రాయడం వచ్చని చెప్పి చేరాను. నిజానికి నాకు వచ్చింది పేజీ రూపు దిద్దే సీఎస్ఎస్, అదీ వీడియోలు చూసి అరకొరగా నేర్చుకున్నది. క్రేన్ నడిపే శిక్షణకు దరఖాస్తు పేజీ చెయ్యమన్నారు, ఇంగ్లీషు, కన్నడ, తెలుగు మూడింటిలోనూ. ఫోన్‌లో చూస్తే పేజీ పక్కకు జారుతోంది. ఎందుకు జారుతోందో వెతకలేదు. తెర దాటినదాన్ని దాచెయ్యమని ఒక వరుస కోడ్ రాశాను. పేజీ నీటుగా నిలబడింది. అన్ని భాషల్లో, అన్ని ఫోన్లలో చూశానని మేనేజరుకు చెప్పాను. చూసింది ఇంగ్లీషులో మాత్రమే.

ఎర్రిస్వామిది పక్కనున్న బండ్రి ఊరు. నాతో బడిలో చదివాడు. ఖనిజం లారీల దగ్గర కూలి, దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆ శిక్షణ మీదే ఆశంతా పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

"అంతా నింపితినప్పా. పంపేది యాడ ఉండాది? ఏం కనపడల్యా."

తీసుకుని చూశాను. వాడు తెలుగులో తెరిచాడు. ఇంగ్లీషు కన్నా మన మాటలు పొడుగు. అవి పంపే బటన్‌ను తెర బయటికి నెట్టాయి, నా వరుస దాన్ని కనబడకుండా చేసింది. చూడగానే అర్థమైంది. పక్క టేబుల్ దగ్గర మేనేజరు కూర్చుని ఉన్నాడు.

"నీ ఫోన్ పాతదప్పా. దీంట్లో రాదు."

"అట్లనా. ఇర్లి బిడు, పోనీలే, నా నసీబు."

ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. గడువు ఇంకా ఉంది. సరిచేసిన పేజీ ఎక్కించాలంటే మేనేజరుకు కారణం చెప్పాలి. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. గడువు అయిపోయింది. ఇక కారణం అడిగేవాళ్లు లేరు, అప్పుడు చడీచప్పుడు లేకుండా ఆ వరుస తీసేశాను. కనీసం ఇంగ్లీషుకు మార్చి నొక్కమని వాడి చెవిలో ఎందుకు చెప్పలేదు? భయమా? లేక వాడికి ఎన్నటికీ తెలియదన్న ధీమానా? నా దగ్గరికి రాకుండా ఇంట్లోనే ఊరకుండిపోయిన వాళ్లు ఇంకెంతమందో. వాళ్ల మొహాలు కూడా నాకు తెలియవు.

ఇప్పుడు పేజీలో దేన్ని ఎక్కడ ఒదిగించాలో చెప్పే ఫ్లెక్స్, గ్రిడ్ అన్నీ వచ్చు. చోటు చాలకపోతే బటన్ తనంతట తానే కింది వరుసకు దిగడానికి కోడ్‌లో ఒక్క మాట చేరిస్తే చాలు. అది నేర్చుకున్న రోజు అన్నం సయించలేదు.

ఎర్రిస్వామి ఇంకా లారీల దగ్గరే ఉన్నాడు. మొన్న టీ అంగడిలో కలిశాడు. దగ్గుతూనే కొత్త ఫోన్ చూపించాడు. నేను చెప్పానని పాతది మార్చేశాడట, ఈసారి శిక్షణకు దరఖాస్తులు పిలిస్తే ఇబ్బంది ఉండదట. బాగుందన్నాను.

వాడి పాత ఫోన్‌లో ఏ లోపమూ లేదు. లోపం నాది. వాడికి చెప్పలేనిది మీకు చెప్పాను. కొంచెం ఊపిరాడుతోంది, అంతే.